మిగిలిన పీల్పులు

నా ఇన్‌హేలర్ వెనక ఒక చిన్న కిటికీ,
అందులో ఒక అంకె.
పట్టా పుచ్చుకున్న రోజున అది నూట పద్దెనిమిది.
ఇవాళ నలభై రెండు.

కాలేజీ వాళ్ల బీమా ఆగస్టుతో సరి.
ఉత్తరం మర్యాదగానే రాశారు.
శుభాకాంక్షలతో మొదలుపెట్టి
వర్తించదు అని ముగించారు.

నాతో చదివిన బ్రెనన్‌కి ఆ దిగులు లేదు.
ఇరవై ఆరేళ్లు నిండేదాకా
వాళ్ల నాన్న కార్డు మీద తుమ్ముతాడు, దగ్గుతాడు,
స్కేటింగ్‌లో మోచెయ్యి విరగ్గొట్టుకుంటాడు.
మా అమ్మ హైవే పక్క హోటల్లో ప్లేట్లు మోస్తుంది.
ఆవిడకే లేని గొడుగు కింద
నేనెక్కడ దూరను?

తెరచాపలు కుట్టే కొట్లో నా పని.
ముగ్గురం మనుషులం, రెండు మిషన్లు.
బీమా సంగతి ఎత్తితే
యజమాని హార్లన్ గోడమీది మంటలార్పే సిలిండర్ చూపించి
తనే ముందు నవ్వుతాడు.
తర్వాత తన భోజనంలో సగం నా ముందుకి తోస్తాడు.

రాత్రిళ్లు ప్లాన్లు వెతుకుతాను.
కంచు, వెండి, బంగారం:
ఇంకా పరుగే మొదలుపెట్టని వాళ్లకి పతకాలు.
కంచు కొంటే నెలనెలా కట్టాలి.
కట్టాక కూడా జబ్బు చేస్తే
మొదటి ఏడువేల డాలర్లు నావేనట,
ఆ తర్వాతే వాళ్ల చెయ్యి కదులుతుందట.
కాళ్లకి అడుగు తగిలాక
పైనుంచి దిగే తాడు అది.

గురువారం ఒకాయన ఫోను. గొంతులో తేనె.
నెలకి అరవై రెండే, ఇప్పుడే చెప్పెయ్యండి కార్డు నంబరు.
చిన్న ప్రశ్న, పాత జబ్బులేమైనా ఉన్నాయా?
లేవు, అన్నాను.
అనీ అనగానే ఛాతీలో పిల్లికూతలు.
అటు ఆయన, ఇటు నేను,
కాసేపు ఆ పిల్లినే విన్నాం.
నేనే పెట్టేశాను.
ముప్పై ఒకటి.

అక్టోబర్. సరస్సు మీద గాలి పళ్లు నూరుతోంది.
పొదుపు మొదలుపెట్టాను,
మెట్లెక్కితే ఒకటి, దుప్పటి దులిపితే సగం అన్నట్టు.
సగం పీల్పు అనేది లేదు, తెలుసు.
నవ్వొచ్చే మాటలు చెప్పొద్దని బ్రెనన్‌కి చెప్పాను.
రేవులో ఇనుప రాళ్ల ఓడ ఒక్క కూత వేస్తుంది
ఊరంతా వినేలా, నింపాదిగా.
ఎంత ఊపిరే నీకు, అనుకుంటాను.

అరవై రోజుల గడువులో యాభై అయ్యాక
లైబ్రరీ కింది అంతస్తుకి వెళ్లాను.
పన్ను ఫారాల బీరువా పక్కన ఓర్లీన్,
మంగళవారాలు ఊరికే కూర్చుని
ఊళ్లోవాళ్ల దరఖాస్తులు నింపిపెడుతుంది.
ఐలానా? మా నానమ్మ పేరూ అదే, అంది.
అల్లుతున్న మేజోడు పక్కన పెట్టింది.
వచ్చే ఏడు ఎంత సంపాదిస్తావు?
వచ్చే వారమే తెలీదన్నాను.
అయితే అంచనా చెప్పు.
అంచనాకీ అబద్ధానికీ తేడా ఏమిటి?
అంచనాని తర్వాత దిద్దుకోవచ్చమ్మాయ్.

మీటలు నొక్కుతూ పోయింది.
మూడొందల పది అన్న అంకె
ఒక్క నొక్కుతో
ముప్పై నాలుగు దగ్గర కూలబడింది.
వెండి, అంది ఓర్లీన్, మందుల ఖర్చూ తగ్గుతుంది.
ఏడుస్తాననుకున్నాను.
ఆకలేసింది.

ఇవాళే కాదు, ఒకటో తారీఖు నుంచి.
దానికింకా పన్నెండు రోజులు.
కిటికీలో పద్నాలుగు.
లెక్క సరిపోతుంది, చలి ఒప్పుకుంటే.

మార్క్వెట్ వీధులు నిట్టనిలువు.
ఇంటిదారి సగంలో ఆగాను.
పొట్టేలు బొచ్చు లాంటి మంచు, తొలిమంచు,
ఎవరో గరాజు ముందు తిడుతూ ఊడుస్తున్నారు.
జేబులోంచి తీసి, అంకె వైపు చూడకుండా
నిండా ఒకటి పీల్చాను.

పదమూడయ్యుంటుంది.